శ్రమదినాల్లో వదిలేసిన కార్డు

మా చర్చిలో స్త్రీల సమాజానికి ఒక అలవాటు ఉంది. ఈస్టర్‌కి ముందు నలభై రోజుల ఉపవాసకాలం, అదే శ్రమదినాలు, మొదలైన వారం అందరం గుండ్రంగా కుర్చీలేసుకుని కూర్చుని, ఈస్టర్ దాకా ఎవరెవరు ఏం వదిలేస్తున్నారో ఒకరి తర్వాత ఒకరు పైకి చెప్పాలి. అలాంటివి గుట్టుగా చేసుకోవాలని మా అమ్మ అనేది. కానీ మా మేబెల్ అక్క అధ్యక్షురాలయ్యాక పైకి చెప్పడమే పద్ధతి అయింది. ఒకావిడ టీ మానేస్తానంటుంది, ఒకావిడ మాంసం. కొత్తగా పెళ్ళైన పిల్ల ఒకతె ఫోన్లో రీల్స్ చూడటం మానేస్తానని చెప్పి సిగ్గుపడింది. మేబెల్ అక్క ఏటా సీరియళ్ళే మానేస్తుంది. ఈస్టర్ మర్నాటి నుంచి ఆ నలభై రోజుల కథా మా అందరి దగ్గరా అడిగి తెలుసుకుంటుంది.

నా వంతు వచ్చేసరికి నాకు ఇవన్నీ చిన్నపిల్లల ఆటల్లా అనిపించాయి. ఇన్నేళ్ళుగా బడిలో పాఠాలు చెప్తున్న ఈ కాంతమణి టీచరు కూడా టీ మానేస్తానంటే ఏం బాగుంటుంది? "నేను అప్పు వదిలేస్తున్నాను" అన్నాను. అందరూ నావైపు తిరిగారు. అలా తిరగడం నాకెంత బాగుందో దాచుకోను. "మా ఇంట్లో వాడకుండా పడున్న క్రెడిట్ కార్డు ఒకటుంది. అది ఉంటేనే కదా శోధన, వాడాలన్న ఆశ! ఈస్టర్ లోపల దాన్ని మూయించేస్తాను" అన్నాను. మేబెల్ అక్క "స్తోత్రం" అంది. చుట్టూ ఉన్నవాళ్ళంతా స్తోత్రం చెప్పారు.

ఒక్క ముక్క మాత్రం నేను చెప్పలేదు. ఆ కార్డు నాది కాదు, మా ఆయనది.

మా ఆయన డేవిడ్ రాజు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. నెమ్మదస్తుడు. నేను పది మాటలంటే ఆయన ఒకటి అంటాడు, అదీ అబద్ధం ఉండదు. ఆయనకు రెండు కార్డులు ఉండేవి. ఒకటి ఉద్యోగంలో చేరిన కొత్తలో బ్యాంకు వాళ్ళే ఆసుపత్రికి వచ్చి అంటగట్టింది. దాని లిమిట్ పెరిగి పెరిగి రెండు లక్షలైంది గానీ, ఏళ్ళ తరబడి దాన్ని గీసిన పాపాన పోలేదు. బీరువాలో చీరల కింద పడి ఉండేది. రెండోది చిన్నది, యాభై వేల లిమిట్. సరుకులు, పెట్రోలు, మా అమ్మాయి కాలేజీ ఖర్చులు అన్నీ దాని మీదే. నెలకి ముప్పై ఐదు, నలభై వేలు అయ్యేది. జీతం పడగానే పైసా మిగల్చకుండా కట్టేసేవాళ్ళం.

మా ఇంట్లో ఫోన్ వ్యవహారాలన్నీ నావే. ఆయనకు చిన్న అక్షరాలు కనపడవు. కళ్ళజోడు పెట్టుకోమంటే అదెక్కడుందో కనపడదు. ఒక శనివారం పొద్దున ఆయన గడ్డం గీసుకుంటుంటే, ఆయన ఫోన్లోంచే ఆ పెద్ద కార్డు మూసేయమని రిక్వెస్ట్ పెట్టాను. ఓటీపీ వచ్చింది, కొట్టాను. కాసేపటికి బ్యాంకు అమ్మాయి ఫోన్ చేసి "సార్‌తో మాట్లాడాలి మేడమ్" అంది. ఫోన్ తీసుకెళ్ళి ఆయన చెవి దగ్గర పెట్టి, "అవును అనండి" అన్నాను.

"ఏందది?" అన్నాడు సబ్బు నురగలోంచి.

"ఏదో కార్డు సంగతి. ముందు అవును అనండి, అవతల డ్యూటీకి ఆలస్యమవుతోంది."

"అవును" అన్నాడు. ఆ అమ్మాయి మరోసారి అడిగితే మళ్ళీ "అవును" అన్నాడు. పెళ్ళయిన నాటి నుంచీ అంతే, నేను అనమన్నది అంటాడు.

నా లెక్క ఇంకోటి కూడా ఉంది. బోయిగూడలో మేమున్నది అద్దె ఇల్లు. ఓనరు భద్రయ్య గారు పెద్దాయన. మేమున్న భాగాన్ని అమ్మేయాలనుకుంటున్నానని, పరాయివాళ్ళకంటే మీకివ్వడమే నాకు తృప్తి అని జనవరిలోనే అన్నారు. ఈస్టర్ వెళ్ళాక లోనుకి పెడదామని అనుకున్నాం. వాడని కార్డు మూసేస్తే బ్యాంకు దగ్గర మా పేరు కడిగిన ముత్యంలా ఉంటుందని నేననుకున్నాను. ఎవరినైనా అడిగానా? అడగలేదు. నాకు తెలియనిది ఒకటుంటుందని నాకు తోచదు, అదే నా జబ్బు.

ఈస్టర్ అయ్యాక స్త్రీల సమాజంలో లేచి, కార్డు మూసేశానని సాక్ష్యం చెప్పాను. చప్పట్లు కొట్టారు. మా ఆయనకి మాత్రం చెప్పలేదు. మర్చిపోయానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను గానీ, అది కాదు. చెప్తే "నా కార్డు ఇడిచిపెడితే నీ ఉపాసం ఎట్లయితదే?" అని నవ్వుతాడని చెప్పలేదు.

మే నెలలో లోనుకి పెట్టాం, ఆయన పేరూ నా పేరూ కలిపి. వారం తిరగకుండా లోను ఏజెంటు కుర్రాడు ఇంటికొచ్చి, "కష్టం సార్" అన్నాడు. క్రిస్మస్‌కి చూసుకున్నప్పుడు ఆయన క్రెడిట్ స్కోరు, అంటే అప్పు తీర్చే తీరుకి వేసే మార్కు, ఏడు వందల ఎనభై ఉంది. ఇప్పుడది ఏడు వందల పదికి పడిపోయిందట. ఆ బ్యాంకులో ఏడు వందల యాభై దాటితేనే ఫైలు ముందుకు కదులుతుందట. మా ఆయన మొహం పాలిపోయింది. "నేను ఒక్క రూపాయి సుత ఆపలే గదా బాబూ" అన్నాడు.

"ఎవరికైనా గ్యారంటీ సంతకం పెట్టిన్రా సార్? కొన్నిసార్లు వాళ్ళు కట్టకపోతే మీకు పడ్తది" అన్నాడు కుర్రాడు.

ఆయన నోరు తెరవకముందే నేను అందుకున్నాను. "ఇంకెవరికి? లూకాకి!"

లూకా ఆయన తమ్ముడు. అత్తగారు పోయేనాటికి లూకా చిన్నపిల్లాడు, ఈయనే అన్నం తినిపించి, బడికి పంపి పెంచాడు. పెద్దయ్యాక మోండా మార్కెట్లో కూరగాయల మూటలు మోసి మోసి, ఆ మధ్య సొంతంగా ట్రాలీ ఆటో కొనుక్కున్నాడు. ఆ లోనుకి మా ఆయనే గ్యారంటీ. సంతకం పెట్టిన రోజున నేను ఇల్లు పీకి పందిరేశాను. ఒకరికి పూటపడకూడదని, అంటే హామీ ఉండకూడదని, బైబిలు వాక్యంలోనే ఉందని ఎంత మొత్తుకున్నా ఆయన వినలేదు. ఆ కసి నాలో ఉండిపోయింది కాబోలు. ఏజెంటు వెళ్ళగానే మొదలుపెట్టాను. "నేను ఆ రోజే చెప్పానా లేదా? కిస్తీలు ఎగ్గొట్టి ఉంటాడు. లేకపోతే మన స్కోరు ఎందుకు పడుతుంది? మనం కట్టనిది ఏముంది?" నేను ఆపలేదు. ఆ రాత్రీ, మర్నాడు పొద్దున టీ దగ్గరా అదే పాట.

ఆ ఆదివారమే లూకా వచ్చాడు. చేతిలో రెండు ఖర్బూజ పళ్ళు. చెప్పులు విడుస్తూనే "వదినా, మంచిగ పండినయ్, ఫ్రిజ్జుల పెట్టు" అన్నాడు. మా ఆయన కూర్చోమని కూడా అనలేదు.

"కిస్తీ ఎన్ని నెలలు ఆపినవ్‌రా?"

"కిస్తీ? ఆపలేదన్నా. పోయినేడు వానలప్పుడు బండి ఖరాబైతే ఒక్కసారి రెండు దినాలు లేటైంది. గంతే."

"రెండు దినాలకు గిట్ల పడ్తదా? అబద్ధం చెప్పకు. నీ వల్ల లోన్ రాకుండ పోయింది. నా పేరు ఖరాబు చేసినవ్‌రా నువ్వు. నీకు సంతకం పెట్టుడే నేను చేసిన తప్పు."

ఆయన అంత గట్టిగా మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. లూకా నావైపు చూశాడు. వదిన ఒక మాట అడ్డం వేస్తుందని చూశాడు, నాకు తెలుసు. నేను ఆ పళ్ళు పట్టుకుని వంటింటి గడపలో నిలబడి, "మీ అన్న ఎంత కష్టపడి నిలబెట్టుకున్నాడు లూకా ఆ పేరు" అన్నాను. అతను మళ్ళీ చెప్పులేసుకున్నాడు. ఇల్లు దిగి వెళ్ళే ముందు "నేను కట్టిన అన్నా" అని ఒక్కసారి అన్నాడు.

భద్రయ్య గారు నెలాఖరు దాకా ఆగారు. ఆ తర్వాత మారేడ్‌పల్లి ఆయనెవరో బయానా ఇస్తే తీసుకున్నారు. మమ్మల్ని డిసెంబరు దాకా ఉండనిస్తామన్నారు, పాపం మంచి మనిషి. ఇల్లు పోయినందుకు నేను ఏడ్చాను. ఏడుస్తూ లూకాని తిట్టాను కూడా.

జూన్ నెలాఖరులో మా కాగితాలు తిరిగి తెచ్చుకుందామని బ్యాంకుకి ఒక్కదాన్నే వెళ్ళాను. అక్కడ లోన్ల దగ్గర కూర్చునే ఆఫీసరు సుమిత్ర అని, చిన్న వయసు అమ్మాయి. కాగితాలిస్తూ "ఇంకో ఆరు నెలలాగి మళ్ళీ పెట్టండి మేడమ్" అంది.

"మా మరిది కిస్తీలు సరిగ్గా కడితే కదమ్మా మళ్ళీ పెట్టేది" అన్నాను. నా నోరు ఊరుకుంటుందా?

ఆమె కంప్యూటరు వైపు చూసి, "ఆ లోన్‌లో ఏ ప్రాబ్లెమూ లేదు కదా మేడమ్. ఒకసారి రెండు రోజులు లేటైంది గానీ అది లెక్కలోకి రాదు, ప్రతి నెలా పడింది. మీరు రిపోర్టు చూడలేదా?" అంది. చూడలేదు. ఏజెంటు నోటితో చెప్పిన అంకె తప్ప మేం ఏమీ చూడలేదు.

"మరి ఎందుకు పడింది?"

"సార్ ఒక పాత కార్డు క్లోజ్ చేశారు, మార్చిలో. ఎందుకు చేశారు మేడమ్, మంచి కార్డు కదా?"

నేను చేతిలో కాగితాలు సర్దుకోసాగాను. నాకు అర్థం కాలేదనుకుని ఆమె ఓపిగ్గా చెప్పుకొచ్చింది. రెండు కార్డులూ ఉన్నప్పుడు ఆయన లిమిట్ మొత్తం రెండున్నర లక్షలు. అందులో నలభై వేలు వాడితే, చేతిలో ఉన్నదాంట్లో కొంచెమే వాడుకుంటున్నాడు, నిదానమైన మనిషి అని లెక్క. పెద్ద కార్డు తీసేశాక మిగిలింది యాభై వేలే. ఇప్పుడూ అదే నలభై వేలు వాడుతున్నాడు, కానీ ఉన్నదంతా ఊడ్చి వాడేస్తున్నాడని లెక్క. నెల తిరిగేసరికి మొత్తం కట్టేసినా సరే, బిల్లు తయారైన రోజున ఎంత ఉందో అదే రిపోర్టులోకి వెళ్తుందట.

"వాడకుండా ఊరికే పడుందమ్మా అది" అన్నాను.

"ఊరికే పడి ఉండటమే మంచిది మేడమ్ దానికి. ఏడాది ఫీజు లేదుగా? అలా వదిలేసి, ఎప్పుడైనా చిన్న బిల్లుకి వాడి కట్టేస్తే చాలు. మూయాలన్నా, లోన్ వచ్చాక మూసుకోవచ్చు. పర్లేదు, చిన్న కార్డు వాడకం తగ్గించండి, కొన్ని నెలల్లో మళ్ళీ పెరుగుతుంది." నవ్వింది. ఆమెకి అదొక చిన్న విషయం.

బస్సులో సీటు దొరికినా కూర్చోలేకపోయాను. మార్చిలో నేను చేసిన పని. కడిగిన ముత్యం! చప్పట్లు! లూకా ఏం చేశాడు? ఎండలో మూటలెత్తి ఒక్క నెలా ఎగ్గొట్టకుండా కట్టాడు. "నేను కట్టిన అన్నా" అన్నాడు, అదే నిజం.

ఇంటికి వెళ్ళగానే చెప్పేద్దామనే అనుకున్నాను. ఆయన అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. "ఏమన్నరు బ్యాంకుల?" అని అడిగాడు. నోటిదాకా వచ్చింది. "ఆరు నెలలాగి పెట్టమన్నారు" అన్నాను. అది అబద్ధం కాదు కదా అనుకున్నాను. మర్నాడు చెప్దామనుకున్నాను. మర్నాడు ఆయనకి తలనొప్పి. ఆ మర్నాడు నాకు బళ్ళో పరీక్ష పేపర్లు. తేలు కుట్టిన దొంగలా ఇంట్లో తిరిగాను. ఇదే తప్పు ఇంకొకరు చేస్తే నేనెన్ని మాటలనేదాన్నో నాకు తెలుసు. బళ్ళో ఒక పిల్లాడు పక్కవాడి మీద చాడీ చెప్పాడని ఆ వారమే గోడకుర్చీ వేయించాను. వాణ్ణి అలా చూస్తూ ఉండలేక, లేచి కూర్చోమన్నాను.

జూలై మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అందరం రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. మా చర్చిలో పెద్దలనాటి కట్టుబాటు ఒకటుంది. తోబుట్టువుతో మాటలు లేనివాళ్ళు, సమాధానపడేదాకా బల్ల దగ్గరికి వెళ్ళరు. ఎవరూ అడగరు, ఎవరూ ఆపరు, ఎవరికి వాళ్ళే ఆగిపోతారు. మా ఆయన పదహారేళ్ళప్పుడు బాప్తిస్మం తీసుకున్న దగ్గర్నుంచీ ఒక్క బల్ల తప్పలేదు, జ్వరమొచ్చినా కంబళి కప్పుకుని వెళ్ళేవాడు. ఆ ఆదివారం వరుస లేచి ముందుకి కదులుతుంటే ఆయన కాళ్ళు పక్కకి తీసుకుని అందరికీ దారిచ్చి, తల వంచుకుని బెంచీ మీద కూర్చుండిపోయాడు. వెనక్కి తిరిగి చూశాను. ఆఖరి బెంచీలో లూకా కూడా అలాగే కూర్చుని ఉన్నాడు.

మరి నేను? నేను వెళ్ళాను. ఆగిపోతే మేబెల్ అక్క ఎందుకు ఆగావని అడుగుతుందని వెళ్ళాను. ఆ అన్నదమ్ములిద్దరూ ఏ పాపమూ ఎరగకుండా బెంచీల మీద కూర్చుంటే, చేసిన నేను మోకాళ్ళూని రొట్టె తీసుకున్నాను. ఛీ, ఏం బతుకే నీది అనుకున్నాను. అనుకుని, బయటికొచ్చి అందరికీ వందనాలు చెప్పాను.

గేటు దగ్గర లూకా భార్య ప్రిసిల్లా నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"అక్కా, ఈయన బండి అమ్ముతనంటున్నడు. బండి అమ్మి ఆ లోన్ మొత్తం కట్టేస్తే అన్న పేరు సాఫ్ అయితదంట. నేను ఎంత చెప్పినా ఇంటలేడు. బండి పోతే మేం ఏం తినాలె? నువ్వు బావకు జెర చెప్పు అక్కా. బావ ఒక్క మాట అంటే ఆగుతడు."

"చెప్తాను" అన్నాను.

"ఎట్లన్న చేసి చెప్పు. నీ మాట బావ తీసెయ్యడు."

"చెప్తానన్నాగా ప్రిసిల్లా, నువ్వు పరేషాన్ కాకు" అన్నాను. ఆమె నా చేతిని కళ్ళకద్దుకుంది.

ఇప్పుడు చెప్పక తప్పదు కదా. బండి ఆగాలంటే నేను నోరు తెరవాలి, వేరే దారి లేదు. అయినా ఆ రోజు చెప్పలేదు. బండంటే చీరా, అమ్మాలనుకోగానే అమ్ముడుపోవడానికి? బేరం కుదరాలి, కాగితాలు మారాలి, నెల పడుతుంది అని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను. ఈలోగా మంచి సమయం చూసి చెప్తాను. ఆయన నవ్వుతూ ఉన్నప్పుడు చెప్తాను. కానీ ఆయన నవ్వడం ఎప్పుడో మానేశాడు.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాం. కోడికూర వండాను. లూకాకి ఇష్టమని ఆదివారం ఒక గిన్నె తీసి పక్కన పెట్టే అలవాటు, చెయ్యి దానంతటదే తీసి పెట్టింది. మా ఆయన ఆ గిన్నె వంక చూశాడు. ముద్ద కలిపి, నోట్లో పెట్టుకోకుండా అలాగే పట్టుకున్నాడు.

"వాడు మొఖం మీద అబద్ధం చెప్పిండు కాంతా. గదే నాకు మింగుడు పడ్తలేదు. పైసలు పోతే పోయినయ్. అమ్మ పోయినంక నేనే గదా పెంచింది. నా పెంపకంలనే ఏదో తక్కువైంది. అమ్మకు ఏం జవాబు చెప్పాలె నేను?"

చెయ్యి కడుక్కుందామని లేవబోయాడు. నేను చెప్పేశాను. మంచి సమయం చూసి కాదు, మాటలు పేర్చుకుని కాదు. "లూకా కట్టాడండీ. ప్రతి నెలా కట్టాడు. కార్డు మూసింది నేను" అన్నాను. ఏడుస్తూ మొత్తం చెప్పాను. శ్రమదినాలూ, స్త్రీల సమాజం, చప్పట్లు, సుమిత్ర చెప్పిన లెక్క, అన్నీ. ప్రిసిల్లా చెప్పింది కూడా చెప్పాను. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. ముద్ద కంచంలో వదిలేసి, "గా రోజు గడ్డం గీస్కుంటుంటే నా చెవికి పెట్టింది గదేనా?" అని అడిగాడు. అవునన్నాను. లేచి చొక్కా వేసుకున్నాడు. "నడువు" అన్నాడు.

లూకా వాళ్ళు ఉండేది పద్మారావు నగర్‌లో ఒక సందు చివర. సందు మలుపు తిరగ్గానే నేను మొదట చూసింది బండి కోసం. ఎప్పుడూ గోడవారగా నిలబెట్టి ఉండేది, లేదు. ఆదివారం కూడా కిరాయికి వెళ్ళాడు కాబోలు అనుకున్నాను. కానీ గడపలో లూకా నిలబడి ఉన్నాడు.

మమ్మల్ని చూసి ఒక్క క్షణం ఏం చేయాలో తెలియనట్టు ఆగిపోయాడు. వెంటనే లోపలికి పరుగెత్తి కుర్చీలు తెచ్చాడు. "రా అన్నా, కూసో. వదినా, రా. ప్రిసిల్లా, చాయ్ పెట్టు. నేనే వద్దామనుకున్న అన్నా, నీకు కోపం పోయిందో లేదో అని ఆగిన." బీరువా మీది నుంచి ఒక కాగితం తీసి రెండు చేతులతో అన్నకిచ్చాడు. "ఇగో చూడు. లోన్ క్లోజ్. నీ సంతకం ఇడిపించిన. ఇగ నీ పేరు మీద నా అప్పు లేదు. మళ్ళ పోయి అడుగు, గా ఇల్లు పోతే పోయింది, ఇంకోటి నీదే అయితది."

మా ఆయన కాగితం పట్టుకుని కూర్చున్నాడు. అందులో ఆయనకి ఒక్క అక్షరం కనపడదు, కళ్ళజోడు లేదు. అయినా దాన్నే చూస్తున్నాడు.

"బండేది లూకా?" అన్నాడు చివరికి.

"ముషీరాబాద్ ఆయన తీస్కున్నడు. మంచోడే, నన్నే డ్రైవర్‌గ పెట్టుకున్నడు. గదే బండి, గదే సీటు, ఏం ఫరక్ లేదన్నా" అని నవ్వాడు లూకా. వంటగది గుమ్మంలో ప్రిసిల్లా నావైపే చూస్తోంది. చెప్తానన్నావు కదా అక్కా అని ఆ చూపు. నేను కళ్ళు దించుకున్నాను.

అప్పుడు మా ఆయన, ఎన్నడూ అబద్ధమాడని మనిషి, తమ్ముడి వైపు తిరిగి అన్నాడు. "తప్పు నీది కాదురా. నాది. పాత కార్డొకటి ఉండె, నేనే క్లోజ్ చేయించిన. బ్యాంకోళ్ళు ఫోన్ చేసి అడిగితే అవునన్న. దాంతోనే స్కోరు పడ్డది. నాకు ఎర్క లేక నిన్ను తిట్టిన. నన్ను మాఫ్ చెయ్యిరా."

నాకు ప్రాణం లేచొచ్చింది. అబద్ధమెందుకు చెప్పాలి? ఆ మాట విని నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక నేను ఏమీ చెప్పక్కర్లేదు. చాయ్ తాగి ఇంటికి వెళ్ళిపోవచ్చు.

"నువ్వా!" అన్నాడు లూకా. "వాడని కార్డు బంద్ చేస్తే స్కోరు పడ్తదా? గిదేం లెక్క అన్నా!" నవ్వబోయి ఏడ్చేశాడు. అన్న మోకాళ్ళ దగ్గర కింద కూర్చుని, భుజంతో కళ్ళు తుడుచుకున్నాడు. "పోనీ తియ్. నేను దొంగను కాదని తెలిసింది గదా, గంతే చాలు." తర్వాత నా వైపు తిరిగాడు. "వదినా, నా వల్ల నీకు ఇల్లు పోయిందని మస్తు తక్లీఫ్ అయింది నాకు. నీకు మొఖం ఎట్ల చూపియ్యాలె అని చర్చిల ఎనక నుంచి ఎనకనే పోతుంటి. నువ్వు కూడ మనసుల పెట్టుకోకు."

నా మీద బండరాయి ఎత్తేసినా అంత బరువుండేది కాదు. మా ఆయన నావైపు చూసి, ఊరుకో అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆయన చెప్పినట్టు నేను ఎప్పుడైనా విన్నానా?

"మీ అన్న అబద్ధం చెప్తున్నాడు లూకా" అన్నాను. "ఆ కార్డు మూసింది నేను. ఆయనకి తెలియదు. ఏంటో కూడా చెప్పకుండా అవును అనిపించాను. కిస్తీ నువ్వే ఎగ్గొట్టావని ముందుగా అన్నదీ నేనే. ఆయన నోట్లో ఆ మాట పెట్టింది నేను."

ప్రిసిల్లా చేతిలో చాయ్ గ్లాసులు అలాగే ఉండిపోయాయి. లూకా కిందనుంచి నన్ను చూస్తూ ఉన్నాడు. కోపం కనపడుతుందేమోనని వెతికాను. కోపం లేదు. ఏదో లెక్క చూసుకుంటున్నవాడిలా ఉన్నాడు.

"నా తప్పు లేదని నీకెప్పుడు తెలిసింది వదినా?"

"బ్యాంకుకి వెళ్ళినప్పుడు. జూన్ నెలాఖర్లో."

"ప్రిసిల్లా గేటు కాడ నీకు చెప్పకముందా, తర్వాతనా?"

ఇంకోసారి అబద్ధమాడితే బాగుండునని నా నాలుక మీదికి వచ్చింది. "ముందే" అన్నాను.

లూకా తల ఊపాడు. అన్న చేతిలోంచి ఆ కాగితం తీసుకుని, మడత మీద మడత పెట్టాడు.

"గప్పటికి బండి నా కాడనే ఉండె వదినా" అన్నాడు.